పాత ట్రాక్టరు ఇంజను బలము తగ్గినపుడు పరీక్షించు క్రమము

అదనెరిగి సేద్యము, పదునెరిగి పైరు అని మన పెద్దలు చెప్పుదురు. కంగ్టి ప్రాంతమున నల్లరేగడి భూములు హెచ్చు. మృగశిర కార్తెలో వాన కురిసిన పిదప ఆ నేల పనికి అనువుగా నుండు దినములు మిక్కిలి కొద్ది. ఆ దినములలో ట్రాక్టరు బలము తగ్గి, నాగలి లాగలేక నిలిచిపోయిన యెడల రైతునకు కలుగు నష్టము మరమ్మతు ఖర్చుతో తీరునది కాదు. కావున పాత ఇంజనును విప్పించుటకు ముందు ఏయే పరీక్షలను ఏ క్రమమున జరుపవలెనో ఇచ్చట వివరించెదము.

మొదట మా పొరపాటునే చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతపు రైతొకరు తమ పాత ట్రాక్టరును మాకు చూపిరి. అది ఉదయమున చక్కగా నడచి, పావుగంట దున్నగానే నీరసించి ఆగిపోవుచుండెను. కొంతసేపు విశ్రాంతి యిచ్చిన మరల నడచుచుండెను. మేము తొందరపడి, డీజిలు పంపు చెడినదని చెప్పితిమి. పంపును విప్పించి పట్టణమునకు పంపిరి. అది తిరిగి వచ్చుసరికి ఆరు దినములు గడచెను. నేల పదును పోయెను. పంపును బిగించిన తరువాతను జబ్బు అట్లే యుండెను. తుదకు ఆ రైతు కుమారుడు డీజిలు చూచుటకై ట్యాంకు మూత తీయగా, లోనికి గాలి పీల్చుకొను చప్పుడు వినబడెను. మూతకు గల సన్నని రంధ్రము మట్టితో పూడిపోయియుండెను. గాలి లోనికి పోవనిదే డీజిలు క్రిందికి దిగదు. ఒక్క తీగముక్కతో తీరు జబ్బునకు మేము పంపు విప్పించితిమి. ఆ రైతు మమ్ము నిందింపలేదు గాని, మరల వాన పడువరకు విత్తనములు ఇంటనే యుండెను.

ఇంజను పనిచేయు విధము తెలిసినచో కారణము వెదకుట సులభము. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో విజయవంతముగా నడిపి చూపిన ఈ యంత్రమున నిప్పురవ్వ యుండదు. గాలిని సుమారు 16 మొదలు 20 వంతులలో ఒక వంతునకు అణచగా అది 500 డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ వేడిలో చిమ్మబడిన డీజిలు తనంతట మండును. కావున బలమునకు కావలసినవి నాలుగు: చాలినంత గాలి, శుభ్రమైన డీజిలు, మంచి అణపు, సరియైన వేళ. వీనితోపాటు పొగ వెలుపలికి పోవు దారియు తెరచియుండవలెను.

మొదటి పరీక్ష: లోపము ఇంజనుదేనా? బరువు పడినపుడు ఇంజను చప్పుడు హెచ్చి బండి కదలనిచో క్లచ్చి జారుచున్నదని తెలియవలెను. చదునైన నేలపై గేరు తీసి త్రోసినను బండి సులభముగా కదలనిచో బ్రేకులు పట్టియున్నవేమో చూడవలెను.

రెండవది పొగ. నల్లని పొగ వచ్చిన గాలి చాలలేదనియో, డీజిలు ఎక్కువైనదనియో, బరువు మించినదనియో ఎరుగవలెను. ఇంజను వేడెక్కిన తరువాతను తెల్లని పొగ విడువనిచో డీజిలు మండకుండ పోవుచున్నది, లేదా నీరు లోన చేరుచున్నది. నీలిపొగ ఇంజను నూనె కాలుచున్నదని తెలుపును. బలము తగ్గియు పొగ లేనిచో డీజిలు చాలినంత అందుట లేదని మొదట అనుమానింపవలెను.

మూడవది గాలి. నూనె తొట్టిగల ఎయిర్ క్లీనరును దుమ్ము పనులలో ప్రతిదినము విప్పి చూడవలెను. బురద పేరుకొన్న నూనెను పారబోసి, గుర్తు వరకే క్రొత్త నూనె పోయవలెను. దానిని తీసివేసి పొలములో ఇంజను నడుపరాదు. రేగడి దుమ్ము పిస్టను రింగులను అరగదీయును. సైలెన్సరు మసితో పూడినదేమో కూడ చూడవలెను.

నాలుగవది డీజిలు. ట్యాంకు మూత కొంచెము వదులుచేసి దున్నిచూడుడు. బలము వచ్చినచో రంధ్రమే కారణము. లేనిచో ట్యాంకు అడుగు నీటిని వదలి, జల్లెడను కడిగి, ఫిల్టరు మార్చి, గొట్టములలోని గాలిని తీయవలెను. ఆక్సిలేటరును పూర్తిగా లాగినపుడు పంపు మీది చేయి చివరివరకు పోవుచున్నదో లేదో చూడవలెను. కడ్డీ వంగియున్నను బలము తగ్గును.

ఇంతవరకు పరీక్షలను రైతే చేసికొనవచ్చును; వీనికి ఖర్చు స్వల్పము. వీనివలన ఫలము లేనప్పుడే మేస్త్రీని పిలిచి టాపెట్ల సందును, నోజుళ్లను, పంపు వేళను, అణపును చూపింపవలెను. అణపు తగ్గిన సిలిండరులో ఒక చెంచాడు ఇంజను నూనె పోసి మరల కొలిపింపుడు. అణపు పెరిగినచో రింగులు అరిగినవి; పెరుగనిచో వాల్వులయందో హెడ్డు గాస్కెట్టునందో లోపమున్నది. ఈ కొలత చూడక ఇంజను విప్పుటకు ఒప్పుకొనవలదు.

ఒక హెచ్చరిక. నోజులునుండి చిమ్ము డీజిలుకు చేయి అడ్డుపెట్టరాదు. ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము సూదిపోటంత కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఈ పరీక్షలను రోహిణి కార్తెలోనే ముగించుకొనుట మేలు. ఒకేసారి పది భాగములను మార్చినచో ఏది కారణమో తెలియదు. ఒక్కొక్కటి సరిచేసి, నడిపి చూచి, తేదీతో పుస్తకమున వ్రాసికొనవలెను. ఖర్చులేని పరీక్షను మొదట, ఖర్చుగల దానిని తుదకు చేయుట దీనికి సూత్రము. మేమీ సూత్రమును ఇతరుని పదును పోగొట్టి నేర్చితిమి. సభ్యులు నష్టము లేకుండ నేర్చుకొందురుగాక.