ఒడ్డున పొయ్యి వెలిగించిన ప్రభువు

బైబిలు పాఠము

చదువవలసిన భాగములు: మార్కు 6:30–46, నిర్గమకాండము 23:12, ద్వితీయోపదేశకాండము 5:12–15, యోహాను 21:1–14.



యాసంగి వరి కోతలు ముగిసి, వడ్లు అమ్ముడుపోయి, పిల్లలకు బడి సెలవులు వచ్చినప్పుడు మన సంఘములలో ఒక మాట వినబడుచుండును: "ఈ యేడు ఎక్కడికైనా పోయివద్దామా?" మన పెద్దల కాలములో ప్రయాణమనగా బంధువుల పెండ్లి, లేక పెద్ద కూటములు. ఇప్పుడైతే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములనుండి కుటుంబములును, యౌవనస్థుల సమాజములును బండ్లు మాట్లాడుకొని సముద్రమును చూడబోవుచున్నారు. ఇది చూచి కొందరు, "విశ్వాసి పని మాని, రూకలు ఖర్చుపెట్టి, ఇసుకలో కూర్చుండుట తగునా?" అని అడుగుచున్నారు. మరికొందరు ఏమియు అడుగరు. ఏలయనగా వారికి ఒక్క దినమైనను సెలవిచ్చినవారు లేరు. ఈ పాఠము ఈ ఇరువురి కొరకును వ్రాయుచున్నాము.

ఒక వేసవిలో మా సంఘములోని నలువదిమందిమి కలిసి దివిసీమకు వెళ్లితిమి. సూర్యాపేట సమీపముగా పారు మూసీ నది వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. ఆ కృష్ణ సాగిపోయి పులిగడ్డయొద్ద రెండు పాయలగును. ఆ రెండు పాయలకును సముద్రమునకును నడుమనున్న ద్వీపమే దివిసీమ. దాని కొనను, కృష్ణ బంగాళాఖాతములో కలియు చోట, హంసలదీవి యున్నది. మన ఊళ్లను తాకి వెళ్లిన నీళ్లే అక్కడ సముద్రమును చేరుచున్నవని చెప్పగా పిల్లలు ఎంతో ఆశ్చర్యపడిరి. మేము వెళ్లిన దినమున అక్కడ సందడి లేదు. ఇసుక, అలల చప్పుడు, దూరమున చేపల పడవలు, అంతే. పురుషులమైన మేము నీడ చూచుకొని పడుకొంటిమి. పిల్లలు గవ్వలు ఏరుకొనిరి.

సాయంకాలమున బయలుదేరక మునుపు స్తుతి ప్రార్థన చేసి, ఎవరెవరు ఏమేమి చూచిరో చెప్పుడని అడిగితిమి. పిల్లలు ఎండ్రకాయలనుగూర్చి చెప్పిరి. యౌవనస్థులు అలలనుగూర్చి చెప్పిరి. ఒక పెద్దమ్మ వంతు రాగా ఆమె నవ్వి, "సముద్రం ఏడ చూసినం అయ్యగారూ, పొయ్యి పొగే చూసినం" అనెను. అది నిజమే. ఆమెయు మరి నలుగురు స్త్రీలును కోడి కూయక మునుపే లేచి పులిహోర కలిపి మూట కట్టిరి. ఒడ్డుకు చేరగానే రాళ్లు పేర్చి పొయ్యి పెట్టిరి. నలువదిమందికి అన్నము వండి, చేపల పులుసు కాచి, వడ్డించి, గిన్నెలు తోమి, మరల మూట కట్టిరి. ఆమె నవ్వుచునే చెప్పెను గాని, ఆ మాట మా మనస్సులను విడువలేదు. అందువలన ఇంటికి వచ్చి వాక్యమును తెరచి చూచితిమి.

1. విశ్రాంతినిచ్చువాడు ప్రభువే

మార్కు సువార్త ఆరవ అధ్యాయములో శిష్యులు సేవ ముగించుకొని తిరిగివచ్చిరి. ప్రభువు వారిని ఇద్దరిద్దరిగా పంపియుండెను. వారు నడచిరి, బోధించిరి, రోగులను స్వస్థపరచిరి. అదే కాలమున బాప్తిస్మమిచ్చు యోహాను చంపబడెనను దుఃఖవార్తయు వచ్చెను. వచ్చిపోవు జనులు అనేకులైనందున వారికి అన్నము తినుటకైనను తీరిక లేకపోయెను. అప్పుడు ప్రభువు వారిని చూచి, జనులు లేని చోటికి పోయి కొంత అలసట తీర్చుకొందమని పిలిచెను. "ఇంకను ఎన్నో గ్రామములు మిగిలియున్నవి గదా" అని ఆయన గద్దింపలేదు. వారి ఒంటి అలసటను ఆయన ఎరిగెను.

వారు దోనె యెక్కినది గలిలయ సముద్రముమీద. పేరు సముద్రమేగాని అది మంచినీటి సరస్సు. మనము నాగార్జునసాగరును సాగరమని పిలుచునట్లే వారును దానిని సముద్రమని పిలిచిరి. దాని విస్తీర్ణము సుమారు 166 చదరపు కిలోమీటర్లు. మన సాగరు జలాశయము నిండినప్పుడు సుమారు 285 చదరపు కిలోమీటర్లు. కాబట్టి సాగరు ఒడ్డున నిలిచి ఆవలి కొండలను చూచినవారు ప్రభువు దాటిన నీటిని సులభముగా ఊహించుకొనవచ్చును. ఆ నీటిమీదనే మరియొక దినమున ఆయన దోనె వెనుకభాగమున తలగడమీద తల వాల్చి నిద్రించెను (మార్కు 4:38). లోకరక్షకుడు అలసి నిద్రపోగా, మనము అలసితిమని చెప్పుకొనుటకు సిగ్గుపడనేల?

ఐగుప్తులోని ఫరోను దీనితో పోల్చి చూడుడి. దేవుని ఆరాధించుటకు కొన్ని దినములు సెలవిమ్మని ఇశ్రాయేలీయులు అడుగగా, వారు సోమరులని అతడు నిందించి, గడ్డి ఇయ్యక మానివేసి, ఇటుకల లెక్క మాత్రము తగ్గింపలేదు (నిర్గమ 5). విశ్రాంతి అడిగినవానిని సోమరి యనుట ఫరో భాష. అలసినవానిని పిలిచి కూర్చుండబెట్టుట మన ప్రభువు భాష. ఏలీయా చావు కోరుకొని బదరీచెట్టు క్రింద పడియున్నప్పుడు దేవుడు మొదట ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చెను, కాల్చిన రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్రపోనిచ్చెను (1 రాజులు 19:5–8).

2. చోటు తానే విశ్రాంతి నియ్యదు

అయినను మనము ఒక సంగతి మరువరాదు. ద్వీపమునకు పోయినంతమాత్రమున హృదయమునకు నెమ్మది కలుగదు. మేము చూచినప్పుడు అంత శాంతముగా నుండిన ఆ దివిసీమ తీరమునే 1977 నవంబరు 19వ తేదీన తుఫాను కొట్టెను. ఉప్పెన ఊళ్లమీద పడి వేలాదిమంది ప్రాణములను తీసికొనిపోయెను. ఆ యిసుకమీద నడచువారు దానిని జ్ఞాపకము చేసికొని నడువవలెను. యోహాను భక్తుడుండిన పత్మాసు కూడ ద్వీపమే. నలుదిక్కుల నీలి సముద్రము. కాని వాక్యము నిమిత్తము శ్రమ పొందుచు అతడక్కడ నుండెను (ప్రకటన 1:9). అక్కడ అతనికి ధైర్యమిచ్చినది అలల చప్పుడు కాదు, ఆ చప్పుడువంటి కంఠస్వరముగల ప్రభువు.

గనుక సముద్రము చూచుటకు వడ్డీకి అప్పు తేవద్దు. ఒక దినపు సంతోషము పంట వచ్చువరకు నిద్ర చెరుపును. దూరము పోలేనివారు సాగరు ఒడ్డుకు పోవచ్చును. లాంచీ యెక్కి నాగార్జునకొండ ద్వీపమును చూడవచ్చును. అదియు కుదరనివారికి మన ఊరి చెరువు కట్టయున్నది, గుడి ముందరి వేపచెట్టు నీడ యున్నది. ప్రభువు శిష్యులను తీసికొనిపోయినది గొప్ప పట్టణమునకు కాదు, జనసంచారము లేని చోటికే.

ఇంకొక మాట. శిష్యులు దోనె దిగకమునుపే జనులు కాలినడకను పరుగెత్తి అక్కడికి చేరిరి. విశ్రాంతి తలపెట్టిన దినము జనముతో నిండెను. ప్రభువు విసుగుకొనలేదు. కాపరి లేని గొఱ్ఱెలవంటివారని వారిమీద జాలిపడి బోధించెను, ఆకలి తీర్చెను. కాని విశ్రాంతిని ఆయన విడిచిపెట్టలేదు. సాయంకాలమైన తరువాత శిష్యులను దోనెలో ముందు పంపి, జనులను సాగనంపి, తాను ప్రార్థించుటకు కొండయెక్కెను. అక్కర వచ్చినప్పుడు విశ్రాంతిని వెనుకకు జరుపవచ్చును, బొత్తిగా కొట్టివేయరాదు.

3. విశ్రాంతి ఒక్కరిది కాదు

విశ్రాంతిదినపు ఆజ్ఞలో దేవుడు ఎవరెవరిని పేర్కొనెనో వ్రేళ్లు మడచి లెక్కించుడి: నీవు, నీ కుమారుడు, నీ కుమార్తె, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇతర పశువులు, నీ ఊరిలోనున్న పరదేశి. నిర్గమకాండము 23:12లో దాసి కుమారుడు కూడ ఊపిరి తీసికొనవలెనని యున్నది. ద్వితీయోపదేశకాండము దీనికి కారణము చెప్పుచున్నది: మీరును ఐగుప్తులో దాసులై యుంటిరి గనుక దానిని మరువకుడి. వెట్టి యనగా ఏమో మన తాతలు ఎరుగుదురు. ఆ జ్ఞాపకమున్న ఇంటిలో పనివానికి సెలవు లేకుండుట తగదు.

భార్య పేరు ఆ వరుసలో లేదే యని కొందరు అడుగుదురు. ఆమె పేరు లేనిది ఆమెకు విశ్రాంతి లేదనుటకు కాదు. దాసికిని గాడిదకును విశ్రాంతినిచ్చిన దేవుడు ఇల్లాలిని మరచునా? "నీవు" అని దేవుడు పిలిచినప్పుడు యజమానుడును యజమానురాలును కలిసియే పిలువబడిరి. అయితే మన ఇండ్లలో ఆదివారము ఆరాధన ముగియగానే పురుషుడు మంచము వాల్చును. స్త్రీ పొయ్యి ముట్టించును. ఆజ్ఞలో సగము నెరవేరినది, సగము మిగిలిపోయినది.

మన చుట్టును చూతము. మిర్యాలగూడ రైసు మిల్లులలో బస్తాలు మోయు హమాలీలున్నారు. వారిలో ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారును గలరు. పరదేశి యను మాట వారికి చెందును. సూర్యాపేట మార్కెట్టు యార్డులో కాంటా వేయువారు, కోదాడ మీదుగా హైదరాబాదు, విజయవాడల నడుమ రాత్రింబగళ్లు లారీలు నడుపువారు, బురదలో నడుము వంచి నాట్లు వేయు స్త్రీలు ఉన్నారు. బొంబాయి బట్టల మిల్లు కార్మికులకు కూడ ఒకప్పుడు వారపు సెలవు లేదు. నారాయణ మేఘాజీ లోఖండే మొదలగువారు ఏండ్ల తరబడి అడుగగా 1890లో ఆదివారపు సెలవు దొరికెను. తరువాత 1948 ఫ్యాక్టరీల చట్టము ఫ్యాక్టరీ కార్మికులకు వారపు సెలవును నిర్ణయించెను. కాని పొలములో కూలికిని ఇంటిలోని పొయ్యికిని ఆ చట్టము వర్తింపలేదు. చట్టము చేరని చోట విశ్వాసి మనస్సాక్షి చేరవలెను.

4. ఒడ్డున నిప్పు

ఇప్పుడు యోహాను సువార్త ఇరువదియొకటవ అధ్యాయమునకు వత్తము. ఏడుగురు శిష్యులు రాత్రియంతయు వల వేసిరి. ఒక్క చేపయు పడలేదు. తెల్లవారుచుండగా ఒడ్డున ఒకరు నిలిచియుండిరి. ఆయన మాటచొప్పున వల వేయగా నూట ఏబదిమూడు గొప్ప చేపలు పడెను. వారు ఒడ్డుకు వచ్చి చూడగా అక్కడ బొగ్గుల నిప్పు ఉండెను, దానిమీద చేప కాలుచుండెను, రొట్టె యుండెను. వారు రాకమునుపే ఎవరో నిప్పు రాజేసిరి. ఎవరు? మరణమును జయించి లేచిన ప్రభువే. వచ్చి తినుడని ఆయన పిలిచి, రొట్టెను చేపను తానే పంచిపెట్టెను. మేకుల గాయములుగల ఆ చేతులే బొగ్గులు పేర్చి చేపను కాల్చెను.

మా సంఘములో ఈ భాగము చదివినప్పుడు కొంతసేపు ఎవరును మాటలాడలేదు. హంసలదీవి ఒడ్డున పొగలో కూర్చున్న ఆ పెద్దమ్మయే ప్రభువు పని చేసెను. నీడలో పడుకొనిన మేము చేయలేదు. నీవు పట్టిన చేపలలో కొన్ని తెమ్మని కూడ ఆయన శిష్యులతో చెప్పెను. అనగా పని ఆయనది కొంత, వారిది కొంత. కూర్చుండి తినుటయో అందరిది.

మరుసటి వేసవిలో మేము దూరము పోక సాగరు ఒడ్డుకే పోతిమి. ఆ దినమున స్త్రీలు పొయ్యిదగ్గరకు రాకూడదని పెద్దలు తీర్మానించిరి. పురుషులే నీళ్లు మోసిరి, వండిరి, గిన్నెలు తోమిరి. బండి నడుపు సహోదరునికి ముందుగా వడ్డించి, రాత్రి ప్రయాణమున్నది గనుక నీడలో చాప వేసి పడుకొనుమంటిమి. అన్నము అడుగంటినది, పులుసులో ఉప్పు ఎక్కువైనది. ఆ పెద్దమ్మ ఏమియు అనలేదు. సాయంకాలమువరకు నీళ్లలో కాళ్లు పెట్టుకొని ఆవలి కొండలను చూచుచు కూర్చుండెను.

ప్రియులారా, దేవుని ప్రజలకు నిత్యమైన విశ్రాంతి యొకటి ముందున్నదని హెబ్రీ పత్రిక నాలుగవ అధ్యాయము చెప్పుచున్నది. దాని రుచి ఇక్కడనే కొంత చూచుటకు ప్రభువు మనకు దినములనిచ్చెను. ఈ సెలవులలో మీరు ఎక్కడికి పోయినను, "ఇక్కడ పొయ్యిదగ్గర ఎవరున్నారు?" అని ఒకసారి చూడుడి. ఆ చోటు మన ప్రభువు నిలిచిన చోటు. అక్కడికి పోయి, అక్కడున్నవారిని లేపి, వారిని నీళ్లయొద్దకు పంపుడి.

సంఘములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మార్కు 6:31లో ప్రభువు శిష్యుల విషయమై ఏమి గమనించెను? మన ఇంటిలో ఎవరి అలసటను మనము గమనింపలేదు?
2. ఫరో మాటకును ప్రభువు మాటకును భేదమేమి? మన క్రింద పనిచేయువారితో మనము ఎవరివలె మాటలాడుచున్నాము?
3. ఆదివారమున మన ఇంటి పొయ్యి పనిని ఎట్లు పంచుకొనవచ్చును?
4. మన ఊరిలోనున్న పరదేశ కూలీలకు మన సంఘము ఒక దినపు విశ్రాంతిని, ఒక పూట భోజనమును ఇయ్యగలదా?

ప్రార్థన

అలసినవారిని పిలుచు ప్రభువా, మాకిచ్చిన విశ్రాంతికై నీకు స్తోత్రములు. మా విశ్రాంతి ఇతరుల వీపుమీద భారము కాకుండునట్లు మాకు కన్నులిమ్ము. ఒడ్డున నిప్పు రాజేసి శిష్యులకు వడ్డించిన నీ చేతులను మేము మరువకుండునట్లు చేయుము. పొలములోను, మిల్లులోను, రహదారిమీదను, వంటయింటను శ్రమించుచున్న వారందరిని నీ నెమ్మదిలోనికి నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.