జ్వాలలో కార్బన్ మోనాక్సైడ్–హైడ్రాక్సిల్ చర్య: రేటు స్థిరాంకాన్ని కొలిచే విధానం

వరిగడ్డి దహనంలో వెలువడే వాయువులను గణిత నమూనాలతో అంచనా వేయడానికి ప్రతి చర్యకూ ఒక రేటు స్థిరాంకం కావాలి. ఆ అంకెను ఏ ఉష్ణోగ్రత వద్ద కొలిచారో చూడకుండానే పట్టికలోంచి ఎత్తి వాడే అలవాటు మన విద్యార్థులలో కనిపిస్తున్నది. అందువల్ల కలిగే దోషాన్ని కార్బన్ మోనాక్సైడ్ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

ఈ వాయువు ఆక్సిజన్ అణువుతో నేరుగా చర్య జరపడం అతి మందకొడి. జ్వాలలో అది ప్రధానంగా హైడ్రాక్సిల్ అనే స్వేచ్ఛా ప్రాతిపదికతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా మారి, ఒక హైడ్రోజన్ పరమాణువును విడుదల చేస్తుంది. అర్హీనియస్ సూత్రం ప్రకారం ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా రేటు స్థిరాంకపు సంవర్గమానాన్ని గీస్తే సరళరేఖ రావాలి. ఇక్కడ రాదు. గది ఉష్ణోగ్రత నుండి సుమారు 500 కెల్విన్ వరకు విలువ దాదాపు మారదు. 1000 కెల్విన్ దాటిన తరువాత బాగా పెరుగుతుంది. రెండు అణువులూ కలిసి ముందుగా ఒక మధ్యస్థ సంక్లిష్టంగా ఏర్పడడం, అది తిరిగి విడిపోవడమో ముందుకు సాగడమో జరగడం దీనికి కారణం. కనుక చల్లని వాయువులో కొలిచిన రేఖను జ్వాల వరకు పొడిగించరాదు. జ్వాల ఉష్ణోగ్రత వద్దనే కొలవాలి.

అయితే మామూలు కొలిమిలో వాయువు వేడెక్కేలోగానే ప్రాతిపదిక నశిస్తుంది. అందుకే షాక్ ట్యూబ్ వాడతారు. పొడవైన గొట్టాన్ని పలుచని పొరతో రెండు గదులుగా విభజించి, ఒకవైపు అధిక పీడనంలో హీలియం, రెండవవైపు ఆర్గాన్‌లో బాగా పలుచన చేసిన మిశ్రమాన్ని నింపుతారు. పొర పగలగానే బయలుదేరిన ఆఘాత తరంగం చివరి గోడను తాకి పరావర్తనం చెందుతుంది. గోడ దగ్గరి వాయువు మైక్రోసెకండ్లలో వేడెక్కి, ఒకటి రెండు మిల్లీసెకండ్లు దాదాపు స్థిరంగా ఉంటుంది. గొట్టం పొడవునా అమర్చిన పీడన సంవేదకాలు తరంగ వేగాన్ని తెలుపుతాయి; ఆ వేగం నుండి ఉష్ణోగ్రతను గణిస్తారు.

హైడ్రాక్సిల్‌కు మూలంగా టెర్షియరీ బ్యుటైల్ హైడ్రోపెరాక్సైడ్‌ను వాడవచ్చు. వేడికి అది తక్షణమే విచ్ఛిన్నమవుతుంది. సుమారు 307 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి శోషణ ద్వారా ప్రాతిపదిక క్షీణతను చూస్తారు. కార్బన్ మోనాక్సైడ్‌ను చాలా అధికంగా ఉంచితే చర్య మిథ్యా ప్రథమ క్రమాంకంగా నడుస్తుంది. వేర్వేరు గాఢతల వద్ద క్షీణత రేటును గీసినపుడు వచ్చే వాలే కావలసిన స్థిరాంకం. అసలు కష్టం ఇక్కడే ఉన్నది: మూలపదార్థం నుండి మిథైల్ ప్రాతిపదిక, ఎసిటోన్ కూడా పుట్టి హైడ్రాక్సిల్‌ను మింగుతాయి. కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ లేని ఖాళీ ప్రయోగం తప్పనిసరి. గొట్టంలో ఆక్సిజన్ జాడ మిగిలినా, విడుదలైన హైడ్రోజన్ దానితో కలిసి హైడ్రాక్సిల్‌ను మళ్లీ పుట్టించి, క్షీణతను నెమ్మదిగా చూపుతుంది.

ఇలా కొలిచిన విలువ మంటకు వర్తిస్తుంది. తడిసిన గడ్డి కుప్ప రాజుకొని మంట లేకుండా పొగలు కక్కే దశకు కాదు. అక్కడ ఉష్ణోగ్రత తక్కువ, హైడ్రాక్సిల్ స్వల్పం. బొగ్గు ఉపరితలంపై పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ కాలకుండానే బయటపడుతుంది. క్షేత్ర ప్రయోగాలలో గడ్డి తేమ శాతాన్ని, కుప్పలోని ఉష్ణోగ్రతను థర్మోకపుల్‌తో నమోదు చేయనిదే ఏ దశకు ఏ స్థిరాంకం వాడాలో నిర్ణయించలేము.