కాలితో మ్రోగే డ్రమ్ము: పెడల్ ఎంపికలో గమనింపదగిన విషయాలు

నిరుడు మన కళాశాల వార్షికోత్సవంలో వాద్యబృందం మూడవ పాట నడుమ తడబడి ఆగిపోయిన సంగతి పాఠకులకు జ్ఞాపకమున్నదే. డ్రమ్ములు వాయించిన విద్యార్థికి సాధన చాలలేదని సభలో గుసగుసలు వినిపించినవి. వాస్తవమేమనగా, పెద్ద డ్రమ్మును మ్రోగించే కాలి పెడల్ పట్టీ తెగిపోయినది. మూడు కొటేషన్లు తెప్పించి, వానిలో తక్కువ ధర గలదానిని కొన్న కాగితంపై సంతకం చేసినవారిలో నేనూ ఒకడిని. ఈ ఏడు కొత్తది కొనవలసి ఉన్నది గనుక, తెలుసుకొన్న నాలుగు మాటలు ఇక్కడ వ్రాయుచున్నాను.

మన ఊళ్ల బ్యాండు మేళాలలో పెద్ద డ్రమ్మును ఒకరు మెడకు తగిలించుకొని వాయించుట అందరూ చూచినదే. అమెరికా నాటకశాలల్లో చోటు తక్కువ. అక్కడ ఒక్కడే కూర్చుండి పెద్ద డ్రమ్మును, చిన్న డ్రమ్మును చేతికర్రలతో మార్చి మార్చి కొట్టేవాడు. కాలితో తొక్కే సాధనాలు అప్పటికే ఉన్నను వేగానికి తాళలేదు. 1909లో చికాగోలో విలియం లుడ్విగ్ చురుకుగా వెనుకకు వచ్చే పెడల్‌ను రూపొందించి, సోదరుడు థియోబాల్డ్‌తో కలిసి వ్యాపారం ఆరంభించినాడు. ఆ విధంగా వాద్యకారుని రెండు చేతులకూ స్వేచ్ఛ లభించినది.

దాని నిర్మాణం సులభమే. పాదం పలకను తొక్కగానే పట్టీయో చైనో పైనున్న ఇరుసును త్రిప్పును. ఇరుసుకు బిగించిన బీటర్ చర్మాన్ని తాకును. స్ప్రింగు దానిని వెనుకకు లాగును. ఈ లాగుడులోనే గుణమంతా ఉన్నది. స్ప్రింగు మరీ బిగువైతే పిక్క నొచ్చును, వదులైతే బీటర్ తాళానికి వెనుకబడును.

పట్టీ తేలికగా, నిశ్శబ్దంగా నడుచును గాని కాలక్రమంలో సాగును. చైను గట్టిది, అయితే దుమ్ము పట్టును, తుడిచి నూనె వేయుచుండవలెను. మూడవ రకంలో వీనికి బదులు లోహపు కడ్డీ ఉండును. పాదానికీ బీటర్‌కూ నడుమ సందు లేనందున స్పందన తక్షణమే. కొందరికి అది మొరటుగా తోచును. మన అవసరానికి, అనేక పాదాలు తొక్కే కళాశాల వస్తువుకు, చైనే మేలని నా అభిప్రాయం. నూనె మాట తేలికగా తీసుకొనరాదు. 1970లో వెలువడిన లెడ్ జెప్పెలిన్ మూడవ రికార్డులో, జాన్ బోన్‌హామ్ అంతటివాని పెడల్ కిచకిచ కూడా వినిపించును!

దుకాణంలో వేగంగా తొక్కి చూచి మోసపోవద్దు. వేగంలో లోపాలు దాగును. నెమ్మదిగా, మెత్తగా తొక్కి చూడవలెను. బీటర్‌ను వ్రేలితో లాగి వదలినచో ఊయలవలె కొంతసేపు ఊగవలెను; వెంటనే ఆగినచో ఇరుసులో ఎక్కడో రాపిడి ఉన్నట్లే. పలకను ప్రక్కలకు కదిపి మడతబందు వదులేమో చూడవలెను. డ్రమ్ము అంచును పట్టే బిగింపు జారరాదు. మన డ్రమ్ము 22 అంగుళాలది గనుక బీటర్ మధ్యభాగాన తగులుటకు ఇబ్బంది ఉండదు. 18 అంగుళాల దానికైతే దెబ్బ పైకి పడును. వేదికపై ఏ బూట్లు తొడుగుదురో వానితోనే పరీక్షించుట మంచిది.

బీటర్ విషయం క్లుప్తం: ఫెల్టుది మెత్తని గుండ్రని నాదమిచ్చును, కొయ్యది పదునుగా పలికి చర్మాన్ని త్వరగా అరగదీయును. రెండు కాళ్లతో తొక్కే జంట పెడల్ కావాలని కొందరు విద్యార్థులు కోరుచున్నారు. ముందు ఒక కాలు కుదురుకొననీయండి.

కమిటీవారికి ఒక్క మనవి. ఈసారి ధరల పట్టికతోపాటు, వాయించే విద్యార్థిని కూడా దుకాణానికి పంపవలెను. సంతకానికి ముందు అతని పాదం తీర్పు చెప్పనిండు. పాత పెడల్‌ను పారవేయలేదు. ఇరుసు, స్ప్రింగు బాగానే ఉన్నవి. కొత్త పట్టీ వేయించి సాధన గదిలో ఉంచినాము.