కాలము, దూరము, గాలి

సావనీరుకు సైన్సు వ్యాసం ఒకటి రాసిమ్మని యూనియను కార్యదర్శి అడిగినప్పుడు నేను "సాపేక్ష వేగం మీద రాస్తాను" అన్నాను. "అది ఎవడు చదువుతాడోయ్! ఏదైనా ప్రయాణం గురించి రాయి" అన్నాడు. చివరికి రెండూ ఒకే వ్యాసంలో ఇమిడాయి కనుక అతని మాటా దక్కింది, నా మాటా దక్కింది. అయితే మిత్రులకు ముందే ఒక మనవి. ఈ ప్రయాణం చేసింది నేను కాదు. నేను ప్లాను మాత్రమే వేశాను. ఇంతవరకు సైకిలు మీద నేను దాటిన అతిపెద్ద జలాశయం మా ఊరి మేజరు కాలువ. అది కూడా వంతెన మీదుగానే.

మా మేనత్త కొడుకు ఇంగ్లండులో కాంటర్‌బరీ పట్నంలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. రెండెకరాల మీద అప్పు తెచ్చి పంపారు. అక్కడి విద్యార్థులకు చదువు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటల వరకు పని చేసుకునే వీలుంది. బావ ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఒక వృద్ధాశ్రమంలో డ్యూటీ ఎక్కుతాడు. ఆ జీతమే అతనికి అన్నం, ఇంటద్దె. 2025 మే నెలలో ఫోను చేసి, "ఒరేయ్, నేనూ నా రూమ్మేటూ శనివారం సైకిళ్ల మీద ఫ్రాన్సు పోయి రాత్రికి తిరిగొద్దామనుకుంటున్నాం. నువ్వు లెక్కల్లో గట్టివాడివి కదా, గంటలవారీగా ప్లాను వేసి పంపు" అన్నాడు. ఒక్కరోజులో సముద్రం దాటి మరో దేశం! నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రం అన్నిటికంటె సన్నగా ఉండేది డోవరు జలసంధి దగ్గర. వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. అడుగున 1994లో తెరిచిన సొరంగం ఉంది గానీ అందులో రైళ్లే నడుస్తాయి, సైకిలు తొక్కుకుంటూ పోనివ్వరు. కనుక డోవరు రేవులో ఓడ ఎక్కాలి. లారీలు, కార్లు నిలిపే అంతస్తులోనే సైకిళ్లను ఒక పక్కగా తాళ్లతో కట్టేసి, మనుషులు పైకి పోతారు. గంటన్నరలో కలే రేవు. (స్పెల్లింగు చూసి నేను చాలాకాలం కలైస్ అనుకున్నాను. చివరి అక్షరం పలకరాదట.)

కాగితాల సంగతి. మన పాస్‌పోర్టు వాళ్లకు ఇంగ్లండు వీసా ఉన్నంతమాత్రాన ఫ్రాన్సు చెల్లదు, షెంగెన్ వీసా వేరే తీసుకోవాలి. అది ఇద్దరికీ అంతకుముందే ఉంది. ఇక్కడ ఒక వింత ఉంది: 2003లో రెండు ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం ఫ్రెంచి అధికారులు డోవరులోనే, ఇంగ్లీషు గడ్డ మీదే, పాస్‌పోర్టు చూస్తారు. తిరిగి వచ్చేటప్పుడు ఇంగ్లీషువారి తనిఖీ కలేలోనే అయిపోతుంది. అందువల్ల ఓడ కదిలే వేళకు కాదు, దానికి గంట ముందే గేటు దగ్గర ఉండాలి. 2025 అక్టోబరు నుంచి ఐరోపా సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో నమోదు చేసుకునే పద్ధతి అంచెలంచెలుగా మొదలైంది కాబట్టి తర్వాత వెళ్లేవారు ఇంకాస్త ముందే చేరుకోవడం మంచిది.

తర్వాత గడియారం. ఫ్రాన్సు గడియారం ఇంగ్లండు కంటె గంట ముందు. డోవరులో ఎనిమిదికి బయలుదేరిన ఓడ ప్రయాణం గంటన్నరే అయినా కలేలో పదిన్నర అవుతుంది. వేసవి నెలల్లో మనం ఫ్రాన్సు కంటె మూడున్నర గంటలు ముందు. నేను నోటుబుక్కులో మూడు నిలువు గళ్లు గీసి, మూడు దేశాల టైమూ పక్కపక్కన రాసుకున్నాను. ఈ భాగంలో నిమిషం కూడా తప్పు పోలేదని ఇప్పటికీ గర్వంగా చెప్పగలను.

ఇక సైకిలు దారి. కలే నుంచి సముద్రపు ఒడ్డునే నైరుతి దిక్కుగా ఒక రోడ్డు పోతుంది. మొదట బ్లేరియో-ప్లాజ్ అనే ఊరు. 1909 జూలై 25న లూయీ బ్లేరియో విమానంలో ఈ సముద్రాన్ని మొదటిసారి దాటింది అక్కడి నుంచే, అందుకే ఆ పేరు. ఆ తర్వాత సాంగాత్. ఆపైన రోడ్డు ఎక్కడం మొదలుపెట్టి బ్లాన్-నే అగ్రం దాకా పోతుంది. సుద్దరాతి కొండ, 134 మీటర్ల ఎత్తు. పేరుకు అర్థం తెల్లముక్కు. అక్కడి నుంచి దిగితే విసాఁ, ఇంకా ముందుకు పోతే గ్రీ-నే అగ్రం, అంటే బూడిదరంగు ముక్కు. ఫ్రాన్సులో ఇంగ్లండుకు అతి దగ్గరి చోటు అదే. 1959 సెప్టెంబరు 29న మన ఆరతీ సాహా నీళ్లలో దిగింది ఆ ముక్కు దగ్గరే. 16 గంటల 20 నిమిషాలు ఈది, ఇంగ్లీషు కాలువను ఈదిన మొదటి ఆసియా మహిళ అయింది.

రేవు నుంచి గ్రీ-నే దాకా 30 కిలోమీటర్లు అని లెక్క వేసుకున్నాను. రాకపోకలు 60. చదును నేల మీద మామూలుగా తొక్కే మనిషి వేగం గంటకు 18 అనుకున్నాను: 3 గంటల 20 నిమిషాలు. చూడటానికి, తినడానికి 2 గంటలు. పదకొండుకు రేవు వదిలి, ఆరున్నర ఓడకు అయిదున్నరకల్లా గేటు చేరాలి కనుక చేతిలో ఆరున్నర గంటలు. అన్నీ పోగా గంటా పది నిమిషాలు మిగులు. ఎంత ముచ్చటగా ఉందో చూడండి! ప్లానులో స్పేరు ట్యూబు, పంచరు సామాను, పంపు, ముందూ వెనకా లైట్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు అన్నీ రాశాను. టైర్లలో గాలి ఎంత ఉండాలో కూడా రాశాను.

ఆ రాత్రి నాన్నకు చదివి వినిపించాను. ఆయన మంచం మీద పడుకుని అంతా విని, "గాలి ఎటునుంచిరా అక్కడ?" అన్నాడు.

"సాధారణంగా నైరుతి నుంచి నాన్నా. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనక. మనకే మంచిది."

"సాధారణంగా కాదు. ఆ రోజు ఎటునుంచి?"

నేను నవ్వాను. మినుములు తూర్పార పట్టేటప్పుడు ఆయన చేట ఎత్తి గంటసేపైనా గాలికోసం నిలబడతాడు. పైరగాలి సాగితే ఒకవైపు, పడమటి గాలి తిరిగితే ఇంకోవైపు మళ్లి నిలబడతాడు. ఆ అలవాటుతో అడిగాడనుకున్నాను. చక్రాల్లో గాలి గురించి రాసినవాణ్ణి, బయటి గాలి గురించి ఒక్క ముక్క రాయలేదు.

శనివారం అక్కడ ఈశాన్యపు గాలి. వసంతకాలంలో ఆ తీరంలో ఇది అరుదేమీ కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. గాలి వీపు మీద ఉంది కనుక బావావాళ్లు తేలిపోయారు. మధ్యలో తెల్లముక్కు మీద ఇరవై నిమిషాలు ఆగినా ఒంటిగంట కాకముందే గ్రీ-నే చేరారు. మనకు పొద్దు వాలిన నాలుగుముప్పావు వేళ మెసేజి వచ్చింది: "ప్లాను కంటె ముందున్నాం. ఇంకో ఎనిమిది కిలోమీటర్లలో ఆంబ్లెతూజ్ అని ఊరు, సముద్రంలో పాత కోట ఉందట. పోదామా?" పోనూ రానూ 16 కిలోమీటర్లు, 53 నిమిషాలు. మిగులు గంటా పది. నేను ఇక్కడ అరుగు మీద కూర్చుని, "పోండి" అని కొట్టాను.

ఇప్పుడు అసలు పాఠం.

సైకిలు తొక్కేవాడు ఖర్చు పెట్టే శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోసుకుపోవడానికే పోతుంది. గాలి నిరోధం, మనిషికీ గాలికీ మధ్య ఉన్న సాపేక్ష వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నేల మీది వేగాన్ని బట్టి కాదు. నిటారుగా కూర్చుని తొక్కే మనిషికి, మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలనుకుని, నిశ్చలమైన గాలిలో గంటకు 18 కిలోమీటర్లు పోవడానికి నా అంచనాలో సుమారు 75 వాట్లు కావాలి. ఇప్పుడు గంటకు 15 కిలోమీటర్ల గాలి ఎదురుగా పెట్టండి. అదే 75 వాట్లకు వేగం 11కి పడిపోతుంది. అదే గాలి వెనక పెడితే 27 దాకా పెరుగుతుంది. చూశారా, వెనక గాలి తొమ్మిది ఇచ్చింది, ఎదురుగాలి ఏడే తీసుకుంది, లాభమే కదా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది.

కాదు. ఎందుకంటే సగటు తీయవలసింది వేగానికి కాదు, కాలానికి. దారి వంపులూ కొండా కలిసి బావావాళ్లు పోయేటప్పుడు 22, వచ్చేటప్పుడు 11 చొప్పున తొక్కారు. రెండూ కలిపి రెండుతో భాగిస్తే పదహారున్నర. కాని 38 కిలోమీటర్లు 22 చొప్పున 1 గంట 44 నిమిషాలు, 11 చొప్పున 3 గంటల 27 నిమిషాలు. మొత్తం 5 గంటల 11 నిమిషాలు. నిజమైన సగటు పద్నాలుగున్నర చిల్లర. ఎదురుగాలిలో మనిషి ఎక్కువసేపు ఉంటాడు, వెనక గాలిలో కొద్దిసేపే ఉంటాడు. నష్టాన్ని మెల్లగా అనుభవిస్తాడు, లాభాన్ని గబగబా దాటేస్తాడు. హరాత్మక మధ్యమం అని ఇంటర్మీడియెట్‌లో దీనికి నాలుగు మార్కులు తెచ్చుకున్నాను నేను.

కోట చూసి, తిని, వాళ్లు తిరుగుమొహం పట్టేసరికి రెండుముప్పావు. గేటుకు ఇంకా రెండుముప్పావు గంటలు. నా కాగితం ప్రకారం 2 గంటల 7 నిమిషాలు చాలు. నాలుగున్నరకు, మనకు రాత్రి ఎనిమిదికి, ఫోను వచ్చింది. మాట కంటె గాలి చప్పుడే ఎక్కువ వినిపించింది. "ఒరేయ్, ఇంకా విసాఁ దగ్గరే ఉన్నాంరా. కొండ ముందుంది. నీ లెక్కేదో తప్పురా." నా నోట మాట రాలేదు. నాన్న ఫోను తీసుకుని, "ఒకడి వెనక ఒకడు పోండయ్యా, మార్చుకుంటూ. ముందువాడు గాలి కాస్తాడు" అన్నాడు. ఆ తర్వాత నాతో, "గాలి సంగతి అడిగాను గదరా" అని మాత్రం అనలేదు. అనుంటే బాగుండేది.

వాళ్లు రేవు చేరేసరికి ఆరూ ఇరవై. ఓడ కళ్లెదుటే కదిలింది. తర్వాతి ఓడల్లో చోటు దొరికింది రాత్రి పదకొండున్నరకు, అదీ అదనపు డబ్బు కట్టి. డోవరులో దిగేసరికి అక్కడి టైము అర్ధరాత్రి, తనిఖీలు ముందే అయినా లారీల వెనక బయటికి రావడానికి అరగంట. కాంటర్‌బరీకి రైలు లేదు. పాతిక కిలోమీటర్ల పైచిలుకు, ఎత్తుపల్లాల దారి. మే నెలలో రాత్రి తొమ్మిదిదాకా వెలుగుండే దేశానికి లైట్లు దేనికని బావ నన్ను ఎగతాళి చేశాడు. ఆ రాత్రి వాళ్లు ఇల్లు చేరింది ఆ లైట్ల వల్లనే. నా ప్లానులో పరువు దక్కించుకున్న ఐటమ్ అదొక్కటే.

మాకు పొద్దెక్కి పన్నెండైంది. నాన్న పొలంనుంచి వస్తూనే, "పిల్లాడు డ్యూటీకి అందుకున్నాడా?" అని అడిగాడు. అందుకున్నాడు. మూడింటికి పడుకుని, ఆరుకు లేచి పోయాడు. నేను కంచం ముందు కూర్చోగలిగింది ఆ మెసేజి వచ్చాకనే.

నా తప్పును సమర్థించుకోవడానికి కాదు గాని, ఈ సముద్రం మీద ఇదే పాఠం ఇంకొకరూ నేర్చుకున్నారు. 1979 జూన్ 12న బ్రయన్ అలెన్ అనే అమెరికను, అక్షరాలా పెడళ్లు తొక్కుతూ ఈ సముద్రాన్ని గాలిలో దాటాడు. పాల్ మాక్‌క్రెడీ రూపొందించిన గోసమర్ ఆల్బట్రాస్ అనే యంత్రం. బరువు 32 కిలోలు, రెక్కల పొడవు దాదాపు 30 మీటర్లు, ఇంజను మనిషి కాళ్లే. ఇంగ్లండులో ఫోక్‌స్టన్ దగ్గర లేచి, బావావాళ్లు కూర్చుని రొట్టె తిన్న అదే గ్రీ-నే దగ్గర దిగాడు. 35.8 కిలోమీటర్లు. రెండు గంటలకు సరిపడా ప్లాను వేసుకుని నీళ్లు పెట్టుకున్నారు. ఎదురుగాలి లేచింది. నీళ్లు అయిపోయాయి, కాళ్లు పట్టేశాయి. ఇక చాలునని, కింద పడవవాళ్లు తాడు తగిలించడానికి వీలుగా కొంచెం పైకి లేపాడు. పైన గాలి నిలకడగా ఉంది! మళ్లీ తొక్కాడు. మొత్తం 2 గంటల 49 నిమిషాలు. సగటు వేగం గంటకు పదమూడు కూడా లేదు, మన పాలవాడి సైకిలంత. దానికి లక్ష పౌనుల క్రెమర్ బహుమతి వచ్చింది.

సెప్టెంబరులో మళ్లీ పోదామనుకుంటున్నాం, ప్లాను పంపమని బావ అడిగాడు. ఇంకొకరిని అడగనందుకు నాకు ఆశ్చర్యం వేసింది. ఈసారి రెండు కాగితాలు పంపాను. రేవులో దిగగానే గాలి చూసుకోవాలి. నైరుతి గాలైతే మొదటి కాగితం, మునుపటి దారే. ఈశాన్యమైతే రెండోది, కలే నుంచి తూర్పుగా గ్రావ్‌లీన్ కోట వైపు. ఏదైనా పోయేటప్పుడు గాలి ఎదురుండాలి. ఎక్కడిదాకా అన్నది రాయలేదు. రెండున్నరకు ఎక్కడుంటే అక్కడినుంచి సైకిలు తిప్పెయ్యాలని మాత్రం రాశాను.

కాగితాలు అందాయని బావ జవాబిచ్చాడు. కింద ఇంకో లైను: "మామయ్య చూశాడా?"

చూశాడు. రెండూ చదివించుకుని, ఎదురుగాలిలో పోయేవాడికి రెండు లీటర్లు చాలవన్నాడు. మూడు చేశాను.