ఓడిపోయిన పాలకులకు న్యాయతీర్పు ఎలా జరగాలి?



సెప్టెంబరు 17 వచ్చిందంటే మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పాత సంగతులు మళ్ళీ నోటికి వస్తాయి. ఆ రోజును విమోచన దినమని కొందరు, సమైక్యతా దినమని కొందరు, విద్రోహ దినమని మరికొందరు అంటారు. ఆ మధ్య గృహ సందర్శనకు వెళ్ళినప్పుడు ఒక ఇంట్లో ఇదే మాట నడుస్తోంది. తొంభైకి దగ్గరపడిన అవ్వ, రజాకార్లు వస్తున్నారని తెలిసి తల్లి తనను జొన్నచేలో దాచిన సంగతి చెప్పింది. కాలేజీలో చదివే మనుమడు ఆవేశంతో, "వాళ్ళ నాయకుడు దొరికినంక ఇంక విచారణ ఎందుకు ఫాదర్? ఊరి నడుమ నిలబెట్టి కాల్చేయాల్సింది" అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు, నా వంక చూసింది. ఆనాడు నేను తొందరలో ఏదో పైపై జవాబు చెప్పి వచ్చాను. ఆ ప్రశ్నను ఈ వారం మీ అందరితో కలిసి నిదానంగా ఆలోచిస్తాను.

మన గడ్డమీద ఏమి జరిగింది?

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం ప్రభుత్వం లొంగిపోయింది. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీని కొద్ది రోజుల్లోనే నిర్బంధించారు. ఆయన మీద మోపిన కేసుల్లో ఒకటి మన ప్రాంతానిదే. 1948 జనవరిలో బీబీనగర్‌లో రజాకార్లు రైలు దిగి ఊరిమీద పడి ఇళ్ళు దోచుకున్న కేసు అది. ప్రత్యేక ట్రిబ్యునల్ ఆయనకు 7 ఏళ్ళ కఠిన శిక్ష విధించింది. ఆ ట్రిబ్యునల్ పద్ధతి రాజ్యాంగానికి సరిపోతుందా అని రజ్వీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1953లో కోర్టు శిక్షను ఖాయం చేసింది. అయితే ఆ విషయంలో న్యాయమూర్తుల మధ్యనే అభిప్రాయ భేదం వచ్చింది. 1957లో విడుదలై ఆయన పాకిస్తాన్ వెళ్ళిపోయాడు, 1970లో అక్కడే మరణించాడు.

మరి మిగిలినవారి మాట? ప్రధానమంత్రి లాయక్ అలీ గృహ నిర్బంధం నుండి 1950 మార్చిలో తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. ఆయన ఏ కోర్టులోనూ జవాబు చెప్పలేదు. నిజాం 1950 నుండి 1956 వరకు రాజప్రముఖ్‌గా గౌరవంతో ఉన్నారు.

ఇంకోవైపు చూడండి. పండిట్ సుందర్‌లాల్ కమిటీ 1948 చివరలో సంస్థానంలో తిరిగి, పోలీసు చర్య సమయంలోను, ఆ తరువాత ప్రతీకారంలోను 27 వేల నుండి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. వారిలో అధికులు ముస్లింలు. ఔరంగాబాదు, బీడ్, మెదక్‌లతోపాటు మన నల్లగొండను కలిపి, ఈ నాలుగు జిల్లాల్లో కనీసం 5 వేలమంది అని రాసింది. ఆ నివేదిక ఎన్నో దశాబ్దాలు వెలుగు చూడలేదు. అలాగే సాయుధ పోరాటంలో పట్టుబడిన మన జిల్లా రైతుబిడ్డలకు అటువంటి ప్రత్యేక ట్రిబ్యునళ్ళే మరణశిక్ష వేశాయి. విచారణలో తమకు వకీలు లేకుండా చేశారని వారు సుప్రీంకోర్టులో మొర పెట్టుకున్నారు. ఇంగ్లండు నుండి డి.ఎన్. ప్రిట్ అనే న్యాయవాది వచ్చి వారి పక్షాన వాదించారు. చివరికి ఉరి తప్పి యావజ్జీవ శిక్ష అయింది.

పెద్దవాళ్ళలో కొందరు దాటిపోయారు, ఊళ్ళలోని చిన్నవాళ్ళు లెక్క చెల్లించారు. ఆ యువకుడు అడిగిన ప్రశ్నకు జవాబు వెదకవలసింది ఇక్కడే.

న్యాయం అంటే ఏమిటి?

ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలనే స్థిరమైన సంకల్పమే న్యాయమని పునీత తోమాసు అక్వినాసు వారు బోధించారు. ఈ మాటను పట్టుకుని నాలుగు మెట్లు ఎక్కుదాం.

1. నిందితునికి చెందవలసినది విచారణ. ప్రభువును పట్టుకోవాలని పెద్దలు తొందరపడినప్పుడు, మనిషి మాట వినకుండా మన ధర్మశాస్త్రం తీర్పు చెప్పదు కదా అని నికోదేము అడ్డు చెప్పాడు (యోహాను 7). మన ప్రభువే దొంగసాక్ష్యాల తీర్పుకు బలి అయ్యారు. అందుచేత క్రైస్తవుడు ఎంతటి నేరస్తుని విషయంలోనైనా విచారణ లేని శిక్షకు చేతులెత్తకూడదు. నురెంబర్గ్‌లో 1946లో నాజీ నాయకులలో 12 మందికి మరణశిక్ష పడింది, ముగ్గురు నిర్దోషులుగా విడుదలయ్యారు. గెలిచినవారే న్యాయమూర్తులుగా కూర్చున్నారన్న విమర్శ దానికి ఉన్నది. అయినా ముగ్గురిని విడిచిపెట్టగలిగిందంటే, అక్కడ సాక్ష్యాన్ని తూచారని అర్థం. తుపాకి గుండు ఎవరినీ తూచదు.

2. శిక్ష చేసినవానికే చెందాలి. రజాకార్లు చేసిన దానికి, వారితో ఏ సంబంధమూ లేని పక్కింటి ముస్లింను చంపడం న్యాయమా? ఆ రజాకార్లను కలంతో ఎదిరించి 1948 ఆగస్టులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే. నాయకుణ్ణి పేరు పెట్టి, నేరం పెట్టి కోర్టులో నిలబెడితే ఆ పాపం ఒక జాతికంతా అంటదు. విచారణ వల్ల కలిగే గొప్ప మేలు ఇది.

3. నష్టపోయినవారికి తిరిగి దక్కాలి. జక్కయ్య పశ్చాత్తాపపడి ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు (లూకా 19). పాపసంకీర్తనంలో కూడా అంతే. దొంగిలించినది తిరిగి ఇవ్వాలన్న మనసు లేకపోతే పశ్చాత్తాపం నిజమైనది కాదు. రజ్వీకి 7 ఏళ్ళ శిక్ష పడితే బీబీనగర్ ఇళ్ళలో పోయిన సొమ్ము తిరిగి వచ్చినట్టా? నేరస్తునికి శిక్ష వేయడంతో రాజ్యం పని సగమే అయింది.

4. ప్రాణం దేవునిది. 5వ శతాబ్దం ఆరంభంలో ఆఫ్రికాలో గురువులపై దాడి చేసి వారిలో ఒకరిని చంపినవారు పట్టుబడినప్పుడు, వారికి మరణశిక్ష వద్దని పునీత అగుస్తీను వారు అధికారికి లేఖ రాశారు. దాడికి గురైనది ఆయన సొంత గురువులే! శ్రీసభ చాలాకాలం మరణశిక్షను పూర్తిగా కాదనలేదు. కాని 2018లో పోపు ఫ్రాన్సిస్ గారు సత్యోపదేశాన్ని సవరించి, అది ఏ సందర్భంలోనూ అంగీకరించరానిదని స్పష్టం చేశారు.

క్షమిస్తే శిక్ష ఉండదా?

చాలామంది ఇక్కడే తికమకపడతారు. తనపై కాల్పులు జరిపిన వ్యక్తిని పునీత రెండవ జాన్ పౌలు గారు 1983లో జైలుకు వెళ్ళి పలకరించి క్షమించారు. ఆ మనిషి మాత్రం 2000 వరకు ఇటలీ జైలులోనే ఉన్నాడు. క్షమించడం గాయపడినవారి హృదయంలో జరిగే పని. సత్యం తేల్చడం, మళ్ళీ అలా జరగకుండా కాపాడటం రాజ్యం పని. కోర్టు బాధితుల తరఫున క్షమించలేదు. బాధితులు కోర్టు తరఫున శిక్షించకూడదు.

ఇదంతా తయారు చేసుకుని నేను ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాను. మనుమడు కాసేపు వాదించాడు, తరువాత ఆలోచనలో పడ్డాడు. అప్పుడు అవ్వ అన్నది: "మా ఇంట్ల పోయిన సామాను సంగతి పోనీ ఫాదర్. మీకేమైందమ్మా అని ఒక్క ఆఫీసరన్న వచ్చి అడిగినోడు లేడు."

నా నాలుగు మెట్లలో ఆ మెట్టు లేదు. పాలకుని మాట వినాలని మనం అంటున్నాం, అది సరే. అతని వలన ఏడ్చినవారి మాట కూడా విన్నప్పుడే ఆ విచారణ పూర్తవుతుంది.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించుకోండి:

1. మన ఇంట్లో, వాడలో ఎవరి తప్పుకైనా వారి కులాన్ని, మతాన్ని నిందిస్తున్నామా?
2. తగాదాలలో రెండవవారి మాట వినకుండా తీర్పు చెబుతున్నామా?
3. మన విచారణలోని వృద్ధులలో, ఎవరూ అడగనందుకు చెప్పుకోలేకపోయిన బాధ ఎవరికి ఉంది? ఈ వారం వారిని అడుగుదామా?