పంచాయతీ ట్రాక్టరు: హెడ్ గాస్కెట్ సంగతి

2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణ రాష్ట్రమునందలి గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. చెత్త తరలించుటకును, మొక్కలకు నీరు పోయుటకును ఇవియే ఆధారము. నడివేసవిలో ట్రాక్టరు నిలిచిపోయినచో నాటిన మొక్కలు ఎండిపోవును. వీధులలో చెత్త పేరుకొనును. ట్రాక్టరును పలుదినములు షెడ్డులో నిలుపు మరమ్మతులలో హెడ్ గాస్కెట్ కాలిపోవుట ఒకటి. మరమ్మతు మెకానిక్ చేయును గాని, బిల్లునకు బాధ్యత పంచాయతీది. కావున సభ్యులు తెలిసికొనదగిన విషయములను ఇచట వివరించుచున్నాము.

గాస్కెట్ పని యేమి?

ఇంజను క్రింది భాగమును బ్లాకు అనియు, పైమూతను హెడ్ అనియు అందురు. ఈ రెంటి నడుమనుండు పలుచని పొరయే గాస్కెట్. సిలిండరులలోని వాయువును, ఇంజనును చల్లబరచు నీటిని, ఆయిలును ఒకదానితో నొకటి కలియనీయక ఇది కాపాడును. ఇంజను మితిమీరి వేడెక్కినచో హెడ్ వంపు తిరుగును, గాస్కెట్ కాలును. రేడియేటరులో నీరు తగ్గుట, జాలి మట్టితో పూడుట, ఫ్యాన్ బెల్టు వదులగుట ఇట్టి వేడికి ముఖ్య కారణములు.

గుర్తించుట యెట్లు?

1. పైకి కారకయే రేడియేటరులో నీరు తగ్గుచుండును.
2. ఇంజను వేడెక్కిన పిదపను తెల్లని పొగ వచ్చుచుండును.
3. ఆయిలు కొలుచు కడ్డీపై ఆయిలు మజ్జిగ రంగులో కనబడును.
4. చల్లని ఇంజనును, రేడియేటరు మూత తీసి నడిపినచో నీటిలో ఎడతెగక బుడగలు లేచును.

వేడిగా నున్న ఇంజనుపై రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. మరుగునీరు పైకి చిమ్మి ఒడలు కాలును.

ఒక్క గుర్తును చూచి నిర్ణయింపరాదు. లైనరు క్రింది రబ్బరు రింగులు చెడినను ఆయిలులో నీరు కలియును. ఇంజెక్టరు చెడినను తెల్లని పొగ వచ్చును. అందుచే హెడ్ విప్పుటకు ముందు సిలిండరుల కంప్రెషన్ కొలిపింపవలెను. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండరులలో ఒత్తిడి తగ్గియున్నచో వాని నడుమ గాస్కెట్ కాలినదని అనుమానింపవచ్చును. ఆయిలులో నీరు కనబడిన తక్షణమే ట్రాక్టరును ఆపవలెను. ఆ ఆయిలుతో నడిపినచో బేరింగులు పాడై, ఖర్చు అనేక రెట్లు పెరుగును.

మరమ్మతులో చూడవలసినవి

ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే బోల్టులను అంచులనుండి నడిమికి కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. హెడ్‌పై తిన్నని ఉక్కు బద్దనుంచి, ఫిల్లరు గేజితో వంపును కొలువవలెను. వంపు తయారీదారు పుస్తకములోని హద్దును మించినచో హెడ్‌ను వర్కుషాపులో చదును చేయింపవలెను; పగుళ్లను పరీక్షింపవలెను. పాత గాస్కెట్‌ను మరల వాడరాదు. బిగించునపుడు నడిమినుండి అంచులకు, విడతలు విడతలుగా, టార్క్ రెంచితో పుస్తకము చెప్పిన మేరకే బిగింపవలెను. పిమ్మట వాల్వుల సందును సరిచేసి, ఆయిలును, ఫిల్టరును మార్పింపవలెను.

పంచాయతీ కర్తవ్యము

అంచనాను ముందుగా వ్రాతపూర్వకముగా తీసికొనవలెను. కాలిన గాస్కెట్‌ను తెప్పించి చూడవలెను. హెడ్ వంపు కొలత యెంతయో బిల్లుతో కూడ వ్రాయింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంజను ఏల వేడెక్కినదో అడుగవలెను. కారణము సవరింపనిచో క్రొత్త గాస్కెట్ కూడ కాలును.

ప్రతి ఉదయము డ్రైవరు నీరు, ఆయిలు, బెల్టు చూచి లాగ్ పుస్తకములో వ్రాయునట్లు కట్టడి చేయవలెను. జాలిని తరచుగా శుభ్రపరపింపవలెను. వేడి ముల్లు ఎఱ్ఱగీటు చేరిన తోడనే బండిని ఆపుమని డ్రైవరునకు ముందే ఆదేశమిచ్చి, అట్లు ఆపినందులకు అతనిని నిందింపరాదు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటకంటె, దినమున కైదు నిమిషముల ఈ జాగ్రత్తయే గ్రామ నిధికి మేలు.