స్మృతి సంరక్షణ

మానవునికి స్మృతి ప్రాణతుల్యమైనది. భాష, విద్య, బంధుత్వం అన్నీ దానిని ఆశ్రయించుకొనే నిలుస్తాయి. వయసు మళ్ళినకొద్దీ పేర్లు వెంటనే స్ఫురించకపోవడం సహజమే. కాని నిత్యం నడిచే వీధిలోనే దారి తప్పడం, ఏళ్ళ తరబడి చేసిన వంట క్రమాన్ని మరచిపోవడం, అడిగిన ప్రశ్ననే పదేపదే అడగడం వార్ధక్య సహజాలు కావు. ఇవి డిమెన్షియాకు సూచనలు కావచ్చు. మన ఇళ్ళలో వీటిని ‘చాదస్తం’ అని తోసిపుచ్చడం వల్ల విలువైన కాలం చేజారిపోతుంది.

డిమెన్షియాలో అధికంగా కనిపించే అల్జీమర్స్ వ్యాధిని 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ తొలిసారి వివరించాడు. దానిని పూర్తిగా నయంచేసే ఔషధం నేటికీ లేదు. అందువల్ల నివారణకే ప్రాధాన్యం ఏర్పడింది. జీవితకాలమంతా 14 హానికారకాలను అదుపులో ఉంచగలిగితే, సుమారు 45 శాతం కేసులను నివారించడమో, ఆలస్యం చేయడమో సాధ్యపడవచ్చునని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నిపుణుల సంఘం అంచనా వేసింది. అధిక రక్తపోటు, మధుమేహం, ధూమపానం, వ్యాయామలోపం, వినికిడి లోపం, ఒంటరితనం వాటిలో కొన్ని.

వీటికి మెదడుతో సంబంధమేమిటి? శరీరపు బరువులో మెదడు సుమారు 2 శాతమే. అయినా శరీరం వినియోగించే ప్రాణవాయువులో దాదాపు ఐదోవంతు దానికే కావాలి. రక్తపోటు, మధుమేహం రక్తనాళాలను దెబ్బతీస్తే ఆ సరఫరా కుంటుపడుతుంది. వినికిడి తగ్గినవారు క్రమంగా సంభాషణకు దూరమవుతారు. మెదడుకు పని తగ్గుతుంది.

ఫిన్లాండులో 60 నుండి 77 ఏళ్ళ వయసుగల 1,260 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. పోషకాహారం, వ్యాయామం, మేధోశిక్షణ, రక్తపోటు పర్యవేక్షణ రెండేళ్ళపాటు కలిపి అందినవారి మేధాశక్తి, సాధారణ సలహాలు మాత్రమే పొందినవారి కంటె మెరుగుగా ఉన్నట్లు తేలింది.

మన హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించింది. ఒకే భాష తెలిసినవారి కంటె, రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా కనిపించాయి. అక్షరాస్యత లేనివారిలోనూ ఈ భేదం కనిపించడం విశేషం. ద్విభాషులకు వ్యాధి రాకపోలేదు, ఆలస్యంగా వచ్చింది. అయితే మనుమలను గుర్తించి పేరుపెట్టి పిలవగలిగే నాలుగేళ్ళు ఏ కుటుంబానికైనా స్వల్పమైనవి కావు.

స్మృతి సంరక్షణ అరవయ్యో ఏట ఆరంభించవలసిన వ్రతం కాదు. నేటి విద్యార్థి నేర్చే రెండవ భాష, అలవరచుకొనే నడక, పొగాకుకు దూరంగా ఉండే నిగ్రహం రేపటి ధారణకు పునాదులు. తాతగారిని సాయంకాలపు నడకకు తోడ్కొనిపోవడం, అమ్మమ్మ చెప్పే ముచ్చట్లను ఓపికతో ఆలకించడం, వారిలో మార్పు కనిపించినప్పుడు పరిహసించక వైద్యుని వద్దకు తీసుకొనిపోవడం యువత నెరవేర్చవలసిన బాధ్యతలు.